అర్జీ అందింది, వరసలో ఉన్నాది

మా ఊరి షావుకారు నగరేశ్వరరావు గారు ఎవరేం చెప్పినా ముందు "అందింది" అనేవారు. కాస్త ఆగి, "వరసలో ఉన్నాది" అనేవారు. అక్కడితో మన పని మన చేతులు దాటిపోయేది. అలాగని ఆయన చేతుల్లోకి వెళ్లినట్టూ కనిపించేది కాదు. మధ్యలో ఎక్కడో గాల్లో వేలాడుతూ ఉండేది. అన్నంలోకి మజ్జిగ పొయ్యమంటారా అని భార్య అడిగితే "అందింది" అనేవారు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు బాబూ అని దారిన పోయేవాళ్లు చెబితే "వరసలో ఉన్నాది" అని, ఆ చొక్కాతోనే ఊరంతా తిరిగి ఇంటికి వచ్చేవారు.

ఒకసారి పక్కింటి నారాయణమ్మ గోడ మీంచి కేకేసింది.

"సావుకారూ, మీ ఆవు మా బీరపాదు తినీస్తన్నాది."

"అందిందమ్మా."

"అందింది మీకు కాదు, ఆవుకి. బేగి రండి."

"వరసలో ఉన్నాది."

ఆవు పాదు ముగించి, తీరిగ్గా గోడ చుట్టూ తిరిగి వచ్చి, తన పాకలో పడుకుంది. ఆయన దాన్ని కాసేపు చూసి నాతో అన్నారు: "చూసేవా అమ్మీ, కొన్ని అర్జీలు వాటంతటవే తీరిపోతాయి."

ఇప్పుడాయన మా ఊళ్లో లేరు. ఇప్పుడు ఎవరికేం చెప్పినా వెంటనే "సరే" అంటున్నారు. వాళ్లూ చెయ్యడం లేదు. పైగా మన మాట వాళ్లదాకా చేరిందో లేదో కూడా తెలియడం లేదు. నా బెంగ అదీ.

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే రోడ్డు ఆగిపోయే చోట మా చినరేవుపేట. అంతా వేటకి వెళ్లేవాళ్ల ఊరు. ఊరంతటికీ ఒకటే కిరాణా కొట్టు, నగరేశ్వరరావు గారి తాత పెట్టింది. కొట్టు ముందు గది ఆయన భార్య పద్మకుమారి గారిది: ఉప్పు, పప్పు, వలల దారం, అగ్గిపెట్టెలు. వెనక గది ఆయనది: తీగలు, టంకం కర్ర, పొట్ట విప్పిన టీవీలు. చింతపండు వాసన, టంకం పొగ గుమ్మం దగ్గర కలిసేవి. నేను ఆ ఊరి పిల్లనే. ఎచ్చెర్లలో యూనివర్సిటీ దగ్గర డీటీపీ సెంటర్లో పనిచేస్తాను. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేస్తూ, అందులో ఏముందో చదువుకుంటూ, కంప్యూటర్ తెర మీద మీటలు, బొమ్మలు, గడులు తయారుచెయ్యడం నాకు నేనే నేర్చుకున్నాను. సాయంత్రాలు ఆ వెనక గదిలో ముక్కాలిపీట వేసుక్కూర్చుని ఆయన చెప్పేది వినడం నాకు అలవాటు. బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయనకి వినేవాళ్లు తక్కువ. నాకు చెప్పేవాళ్లు తక్కువ.

హుద్‌హుద్ తుపానుకి మా ఊరి ఐసు ఫ్యాక్టరీ రేకులు ఎగిరిపోయాయి. దాని యజమాని ఉమాశంకర్ మా వాడే, తండ్రి పడవ అమ్మి ఫ్యాక్టరీ పెట్టినవాడు. మరుసటి ఏడాది రేకులు వేయించి, కొట్టుకి వచ్చి కూర్చున్నాడు.

"బాబూ, ఐసు కిటికీ కాడ రోజూ రణమే. గొంతున్నోడికి ఐసు, గొంతు లేనోళ్లకి నీళ్లు. మీటలూ తెరా ఉన్న మిషనొకటి పెట్టండి. ఎవులు ముందొస్తే ఆళ్లకి ముందు పడాల."

అది చిన్న తగువు కాదు. తెల్లవారి పడవలు ఒడ్డుకి చేరగానే మా ఆడవాళ్లు చేపలు కొని, గంపలో నలిగిన ఐసు పోయించుకుని, శ్రీకాకుళం వెళ్లే మొదటి బస్సు అందుకోవాలి. ఐసు ఆలస్యమైతే బస్సు పోతుంది. రెండో బస్సు వచ్చేసరికి బాగా పొద్దెక్కిపోతుంది. ఆ వేళకి మార్కెట్లో చేపని అడిగేవాళ్లు ఉండరు, దాని మొహం చూసేవాళ్లూ ఉండరు. అందరిలోకీ ఇబ్బంది తవిటమ్మది. మోకాలు సరిగా వంగదు, గొంతు బొంగురు. ఆవిడ అరిస్తే దగ్గినట్టు ఉండేది. దగ్గేవాళ్లకి ఎవరు ఐసు పోస్తారు?

మిషను లోపల ఉండి అన్నిటినీ నడిపే ఎలక్ట్రానిక్ కార్డు బాబాయ్ తయారుచేశారు. తెర నాది. మీట నొక్కగానే ఐసు నలగ్గొట్టే క్రషర్ తిరిగేటట్టు రెంటినీ తిన్నగా కలిపేశాను. తీరా చూస్తే క్రషర్ తిరిగినంతసేపూ తెర బిగుసుకుపోతోంది. తెర గొడవలో పడి కార్డు మిగతా పనులు మరిచిపోతోంది. ఆయన నన్ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ముందు గది చూపించారు.

"మీ పిన్ని పంచదార తూస్తన్నాది కదా. నువ్వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకు లాగి, ఉప్పు కావాలను."

"తిడుతుంది బాబాయ్."

"తిట్టడం తరవాత సంగతి. ముందు తూకం పోతాది. కార్డు కూడా అంతే. అమ్మోనియా ఒత్తిడి చూసుకోవాల, ఉప్పునీటి చలవ చూసుకోవాల, మోటారు వేడెక్కుతన్నాదేమో చూసుకోవాల. ఒక్క క్షణం కూడా దేని మీదా చూపు తప్పకూడదు. నీ తెర వెళ్లి దాని చెయ్యి పట్టుకు లాగితే ఎలాగ?"

"మరి ఎలా అడగాలి?"

"చీటీ రాసి గల్లాపెట్టె మీద పెట్టు. తీరికైనప్పుడు తీస్తాది. తను ఏం చేస్తన్నాదో ఒక పలక మీద రాస్తూ ఉంటాది. నీ తెర ఆ పలక చూసి బొమ్మ వేసుకోవాల. దాన్ని మాత్రం పలకరించకూడదు. మీట నొక్కడమంటే అర్జీ పెట్టడం అమ్మీ, హుకుం కాదు."

ముందు గదిలోంచి పద్మకుమారి గారి గొంతు వినిపించింది. "అక్కడ నా పేరెందుకు వస్తన్నాది?"

"నిన్ను పొగుడుతన్నానే."

"పొగడ్తలు సరే. ఈ ఫ్యాను ఎప్పుడు బాగుచేస్తారు?"

ఆయన టంకం కర్ర అందుకున్నారు. అప్పటికింకా ఆయనకి "అందింది" అనే మాట దొరకలేదు.

అది దొరికింది మిషను పెట్టిన రోజున. పొద్దున్నే మొట్టమొదట తవిటమ్మ వచ్చి మీట నొక్కింది. చీటీ పెట్టెలో పడింది. కార్డు అప్పుడు అమ్మోనియా చూసుకుంటోంది. క్రషర్ కదిలితే గానీ తెర మీద బొమ్మ మారదు. కాబట్టి ఏమీ మారలేదు.

"ఏటే భారతీ, ఇది సచ్చిందా, బతికున్నాదా?" అని తవిటమ్మ నన్నడిగి మళ్లీ నొక్కింది.

"గట్టిగా నొక్కప్పా. మా ఆయనకి సెప్పినట్టు మెల్లగా సెప్తే ఇంటాదేటి?" అంది వెనకావిడ.

తవిటమ్మ కొంగు నడుముకి దోపుకుని, తలుపు బాదినట్టు బాదింది. బాదిన ప్రతిసారీ ఒక చీటీ.

కాసేపటికి క్రషర్ కదిలింది. గంప నిండింది. క్రషర్ ఆగలేదు. పక్క గంప నిండింది. ఆ పక్కది నిండింది. ఉమాశంకర్ పరిగెత్తుకొచ్చి ఆపే మీట నొక్కాడు. అదీ ఒక చీటీయే కదా, బుద్ధిగా వెళ్లి వరస చివర నిలబడింది.

"బాబూ, ఆపండి బాబూ."

"నొక్కేవు కదా?"

"నొక్కినాను."

"అయితే ఆగుతాది. ముందున్నవి అయిపోనీ."

ఐసు కిటికీ దాటింది, గుమ్మం దాటింది, రోడ్డెక్కింది. మా ఊళ్లో ఆ రోజు చల్లటి మజ్జిగ తాగని ఇల్లు లేదు. ముసలివాళ్లు మోకాళ్లకి మూటలు కట్టుకున్నారు. ఊరి కుక్కలన్నీ వచ్చి ఆ గుట్ట మీద పడుకుని, మళ్లీ వేసవి వచ్చేదాకా లేవమన్నట్టు చూశాయి. "ఊరికి పెళ్లి సేసినట్టున్నాది" అంది తవిటమ్మ, ఇదంతా ఎవరో చేసినట్టు.

నగరేశ్వరరావు గారు మాత్రం ఆ గుట్ట పక్కన గొంతుక్కూర్చుని ఆలోచనలో పడ్డారు. "తప్పు మిషనుది కాదు, అడిగినవన్నీ చేసింది. తప్పు తవిటప్పదీ కాదు. ఆవిడ అన్నిసార్లు ఎందుకు నొక్కింది? తన మాట చేరిందో లేదో తెలీక. పని ఆలస్యమైనా మనిషి ఓర్చుకుంటాది అమ్మీ. విన్నారో లేదో తెలీకపోతేనే ఓర్చుకోలేదు."

ఆ వారంలో రెండు మార్పులు చేశాం. ఆపే మీటకి వరస లేకుండా, అది తిన్నగా మోటారుని ఆపేలా బాబాయ్ విడిగా ఒక తీగ వేశారు. ఇక మామూలు మీట నొక్కిన మరుక్షణం, కార్డు ఏ పనిలో ఉన్నా సరే, తెర తనంతట తనే జవాబు చెప్పాలి. గంపల వాళ్లలో చదువొచ్చినవాళ్లు తక్కువ కాబట్టి ఆ జవాబు మాటగా వినిపించాలి. ఆయనే వెనక గదిలో కూర్చుని తన గొంతు రికార్డు చేశారు: "అర్జీ అందింది. వరసలో ఉన్నాది." సరిగ్గా ఆ చివర, ముందు గదిలోంచి పద్మకుమారి గారి మాట కూడా సన్నగా పడిపోయింది: "మరి నా ఫ్యాను?"

అది ఎంత తీసినా పోలేదు. కిటికీ దగ్గర ఎవరు మీట నొక్కినా "అందింది, వరసలో ఉన్నాది, మరి నా ఫ్యాను?" అని ఊరంతా వినిపించేది. మా ఆడవాళ్లు మిషనుతో "అలగే నాయనా" అనేవారు, ఆ వెనకే "ఓలమ్మా, ఇంకా సెయ్యనేదా" అని పద్మకుమారి గారి మీద జాలిపడేవారు.

మిషనుకి నేర్పిన మాట ఆయనకే అలవాటైపోయింది. పద్మకుమారి గారు దీన్ని అభివృద్ధి కింద లెక్క వెయ్యలేదు. "అంతకు ముందు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇప్పుడు పలుకు వస్తన్నాది. పని మాత్రం రావడం లేదు" అనేవారు. ఆయన్ని కదిలించే మాట లేదు గానీ, ఆపే మాట ఒకటుండేది. "ఆగు" అంటే చాలు, ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయేవారు. ఆపడానికి వరస ఉండకూడదని ఆయన సిద్ధాంతం. ఎచ్చెర్ల జంక్షన్లో ఎవరో తన మేకని "ఆగు" అంటే, స్కూటరు మీద వెళ్తున్న ఈయన నడిరోడ్డు మీద ఆగిపోయారు. మేక ఆగలేదు. భోజనంలో ఇంకో అప్పడం కోసం చెయ్యి చాచినప్పుడు పద్మకుమారి గారు "ఆగండి" అనేవారు. ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయేది. ఆవిడ తీరిగ్గా అప్పడాల డబ్బా మూత పెట్టుకునేవారు.

కిటికీ దగ్గర రణం పోయింది. ఒక అర్జీకి ఒక గంప, అంతే. చేపలు ఎగుమతికి కొనే నారాయణమూర్తి గారి వేను వచ్చినా అదే లెక్క. అంతకు ముందు ఆ వేను వస్తే ఐసంతా దానికే వెళ్లేది. ఇప్పుడు వేను డ్రైవరు ఒక గంప పోయించుకుని, మళ్లీ వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడాలి.

"రా నాయనా, నిలబడు. నీ వేనుకీ నా మోకాలికీ ఒకటే వరస" అనేది తవిటమ్మ.

"అమ్మా, నాను సానా దూరం ఎల్లాల."

"నాను మాత్రం పెరట్లోకి ఎల్తన్నానేటి? సికాకుళమే కదా."

నారాయణమూర్తి గారు చెడ్డమనిషేం కాదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు, కనిపించిన ప్రతి మగవాణ్ణీ బావా అని పిలిచేవారు. ఒకరోజు ఉమాశంకర్‌ని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చారు.

"బావా, ఒక్క మీట కావాలి. ఎర్రది. అది నొక్కితే మా వేను అందరికన్నా ముందుకి రావాల."

"అందింది" అన్నారు నగరేశ్వరరావు గారు.

"ఎప్పటికవుతాది?"

"వరసలో ఉన్నాది. ముందు మా ఆవిడ ఫ్యాను ఉన్నాది."

"అదెప్పటి అర్జీ బావా?"

"కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టింది."

నారాయణమూర్తి గారు పడీ పడీ నవ్వి వెళ్లిపోయారు. నెల తిరిగాక మళ్లీ వచ్చారు. "ఫ్యాను అయిందా బావా?" కాలేదు. ఉగాదికి వచ్చారు. కాలేదు. వేట నిషేధం వచ్చింది, అయిపోయింది, పడవలు మళ్లీ కదిలాయి. ఫ్యాను కదల్లేదు. ఊళ్లో ఇదో వేడుకైపోయింది. తిరుగుతుందా తిరగదా అని కొట్టుకి వచ్చేవాళ్లందరూ ముందు పైకి చూసి, తరవాత పప్పు అడిగేవారు. ఇంత తెలివైనవాడు సొంత ఇంట్లో ఫ్యాను తిప్పలేకపోయాడని, బద్ధకం బద్ధకమేనని నవ్వుకునేవారు. ఆయన కూడా నవ్వేవారు.

ఎర్రమీట బొమ్మ నేను ఎప్పుడో గీసి ఉంచాను. దాన్ని కలపడానికి ఆయనకి కాఫీ చల్లారేంత సేపు చాలు. అడిగితే "అందింది" అనేవారు. నాకు వింతగా తోచింది ఇంకొకటి. పద్మకుమారి గారు ఫ్యాను మాట ఎత్తడమే మానేశారు. రెండు వేసవులు తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, చెమటతోనే పప్పులు తూచారు.

రెండో వేసవి చివర నారాయణమూర్తి గారు నవ్వుతూనే ఉమాశంకర్‌తో చెప్పారట, పక్క రేవులో ఇంకో ఫ్యాక్టరీ ఉంది, అక్కడ కొంటామని. వేను లేకపోతే ఉమాశంకర్ ఫ్యాక్టరీ నిలబడదు. పట్నం నుంచి ఒక కంపెనీ కుర్రాళ్లు మెరిసే కొత్త తెర తెచ్చి పెట్టారు. దాంట్లో ఎర్రమీట ఉంది. వాళ్లు పాత కార్డు విప్పుతుంటే బాబాయే పక్కన నిలబడి, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో వాళ్లకి చూపించారు. "ఆపే తీగని మాత్రం వరసలో పెట్టకండి నాన్నా" అని చెప్పారు. కొత్త తెర మాట్లాడదు, "టింగ్" అంటుంది. అది "అందింది" అనడమో, "పొమ్మ"నడమో మా వాళ్లకి ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఉమాశంకర్ కొట్టుకి వచ్చాడు. తల ఎత్తలేదు.

"బాబూ, నామీద కోపమా?"

"కోపం దేనికిరా?"

"ఆ మీట మీరు సెయ్యరని నాకు మొదటి రోజే తెలుసు. అందుకే ఆయన్ని మీ కాడికి తెచ్చినాను. నారాయణమూర్తి మావ నన్ను అడిగినప్పుడల్లా నాను మిమ్మల్ని సూపించినాను. ఏటి సెయ్యమంటావు మావా, ఆ సావుకారు బద్ధకస్తుడు అన్నాను. ఊరంతా మిమ్మల్ని సూసి నవ్వుతంటే నానూ నవ్వినాను."

"నవ్వాల. నవ్వకపోతే ఆయనకి అనుమానం వచ్చును."

"సెయ్యనని ఒక్క మాట సెప్పీవచ్చు కదా బాబూ. ఇంత మాట పడడం దేనికి?"

"చెయ్యనంటే నీకూ ఆయనకీ మధ్య తగువు. వరసలో ఉన్నాదంటే ఎవరికీ తగువు లేదు. గంపలు రెండేళ్లు బస్సెక్కేయి కదా. అంతకన్నా ఏటి కావాల?"

నేను పద్మకుమారి గారి వైపు చూశాను. ఆవిడ విసనకర్ర ఆపి అన్నారు: "ఫ్యాను బాగుచేస్తానని ఒకరోజు నిచ్చెన వేసేరు. నేనే దిగిపొమ్మన్నాను. అది తిరిగితే తరవాత వంతు ఆ ఎర్రమీటదే కదా. రెండేళ్లు చెమట పడితే కరిగిపోతానా?"

ఉమాశంకర్ చాలాసేపు కూర్చుని వెళ్లాడు. అతను గుమ్మం దాటగానే నగరేశ్వరరావు గారు నిచ్చెన వేసుకుని ఫ్యాను విప్పారు. చిటికెలో తిరిగింది. పద్మకుమారి గారు దాని కింద కుర్చీ వేసుక్కూర్చున్నారు. పప్పుల మీది కాగితాలు ఎగిరాయి. "గాలి బావుంది" అన్నారు ఆవిడ, కాసేపటికి. ఆ మాట అంత దిగులుగా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఆ తరవాత ఆయన ఏ అర్జీ తీసుకోలేదు. వెనక గదిలో టంకం పొగ తగ్గింది. పొద్దున్నే చేతిసంచి పుచ్చుకుని "సికాకుళం వెళ్లాల, టంకం కొనాల" అని బయల్దేరేవారు. నేను లేచి ముగ్గు వేసేసరికే తిరిగొచ్చేసేవారు, ఖాళీ సంచితో. వయసు మీద పడుతోంది, మతిమరుపు అనుకున్నాం. కొన్నాళ్లకి పద్మకుమారి గారి తమ్ముడు రాజాంలో తన ధాన్యం వ్యాపారానికి తోడు రమ్మని పిలిచాడు. సామాను లారీకి ఎక్కిస్తుంటే నేను అన్నాను, "బాబాయ్, మీ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది" అని. ఏమంటారో నాకు తెలుసు. కానీ ఆయన ఏమీ అనలేదు. నా తల మీద చెయ్యి వేసి లారీ ఎక్కేశారు. ఆ మాట అనేసి ఉంటే బాగుండేది. వరసలో ఉన్నాననుకుని ఉండేదాన్ని.

నేను ఎప్పుడూ రెండో బస్సుకి వెళ్లేదాన్ని. మొన్న పరీక్షల రోజుల్లో సెంటరు తొందరగా తెరవాలన్నారని మొదటి బస్సు ఎక్కాను. ఇంకా ఎవరూ రాలేదు. కండక్టరు సోములు నా పక్క సీట్లో కూర్చుని సంచి సర్దుకుంటూ అన్నాడు: "మీ సావుకారు ఎలగున్నాడు తల్లీ? నన్ను ఏడిపించీసి ఎల్లిపోనాడు."

"నిన్నా? ఎందుకు?"

"రోజూ తగువే. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. సోములూ, ఈ బస్సు సికాకుళం వెళ్తాదా అని అడుగుతాడు. రోజూ ఎల్తాది బాబూ అంటాను. ఇవాళ కూడా వెళ్తాదా అంటాడు. ఎల్తాది, ఎక్కండి. కిటికీ పక్క సీటుందా? బస్సంతా ఖాళీయే బాబూ. ఎండ ఏ పక్క పడతాది? పైకీ ఎక్కడు, కిందకీ దిగడు. డ్రైవరు హారను కొడతాడు. ఈయనేమో, ఇదెంత బాగా మోగుతన్నాదో, ఇంకోసారి కొట్టమను అంటాడు."

నాకు నవ్వొచ్చింది. "తరవాత?"

"ఒకరోజు ఇసిగిపోయి రెక్క పట్టుకుని పైకి లాగబోనాను. అప్పుడు సూసినాను. ఈయన నాకేసి సూడ్డం నేదు, ఐసు ఫ్యాక్టరీ కేసి సూస్తన్నాడు. అటేపు నుంచి గంపలు వస్తన్నాయి. అందరికన్నా ఎనక తవిటమ్మ, కుంటుకుంటా. ఆయమ్మ ఎక్కీగానే ఈయన మెట్టు దిగీసినాడు. ఏటి బాబూ, ఎల్లరా అన్నాను. ఇవాళ పని నేదు, రేపెల్తానన్నాడు. ఆయన ఒక్కనాడైనా సికాకుళం ఎల్లనేదు తల్లీ."

ఫ్యాక్టరీ వైపు నుంచి "టింగ్" మని వినిపించింది. దాని ముందు నారాయణమూర్తి గారి వేను ఉంది.

"మరి ఇప్పుడో? బస్సు వేళకే కదులుతోందా?" అన్నాను.

"ఏలకే" అన్నాడు సోములు, నాకేసి చూడకుండా. లేచి కిందికి దిగాడు. ముందు టైరుని కాలితో తన్నాడు. వంగి చూశాడు. చుట్టూ తిరిగి వెనక టైరు దగ్గరికి వెళ్లి దాన్నీ తన్నాడు.

"డ్రైవరు గారూ, గాలి తగ్గినట్టున్నాది."

డ్రైవరు వెనక్కి తిరగనైనా తిరగలేదు. "నాకూ అలగే ఉన్నాది. మళ్లీ సూడు" అని ఇంజను ఆపేశాడు.

సోములు మళ్లీ మొదటి టైరు నుంచి మొదలుపెట్టాడు. బస్సుకి ఇన్ని టైర్లుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. వేను వెళ్లిపోయింది. నీళ్లు కారుతున్న గంపలు ఒక్కొక్కటీ వచ్చి ఎక్కాయి. అందరూ ఎక్కాక, అందరికన్నా వెనక, తవిటమ్మ వచ్చింది. గంప లోపలికి తోసి, రాడ్డు పట్టుకుని పైకి ఎక్కి, ఇంకా టైరు దగ్గరే వంగి ఉన్న సోములుని చూసింది.

"ఏటి సోములూ, నాను వొచ్చీసరికి రోజూ ఆ టైర్ల కాడే ఉంటావు. మార్కెట్టుకి ఏల దాటిపోతన్నాది, కొత్తవి ఎయ్యమని సెప్పరాదా మీ వోళ్లకి?"

"సెప్తానప్పా" అని సోములు చేతులు దులుపుకుని విజిలు వేశాడు.